విద్యానగర్ ఫ్లాట్‌లో ఏటీ2020: నాలుగేళ్లు పాడాక

రాత్రి పదిన్నర దాటితే గానీ మా ఇంట్లో రికార్డింగ్ మొదలవదు. హైదరాబాద్‌లో, రైలు పట్టాలకి రెండు వీధుల ఇవతల, మూడో అంతస్తు. పైవాళ్ల కుక్కర్ విజిల్ ఆగాలి, కింద బోరు మోటారు ఆగాలి, చివరి ఎమ్‌ఎమ్‌టీఎస్ లోకల్ రైలు వెళ్లిపోవాలి. అప్పుడు ఫ్యాన్ కట్టేసి, ఫ్రిజ్ స్విచ్ తీసేసి (పొద్దున మళ్లీ వేయడం మర్చిపోయి రెండుసార్లు పాలు విరగ్గొట్టాను) మైక్ ముందు నిలబడతాను. ఆడియో టెక్నికా వాళ్ల ఏటీ2020 అనే ఈ కండెన్సర్ మైక్‌తో నాలుగేళ్లకి పైగా ఇదే కాపురం. లలిత గీతాలు, అన్నమయ్య కీర్తనలు, అప్పుడప్పుడు మా అమ్మ మంగళహారతులు అన్నీ కలిపి రెండు వందలకి పైగా ట్రాకులు దీంతో తీశాను. కాబట్టి డబ్బా విప్పిన రోజు కలిగిన మురిపెం ఇందులో ఉండదు.

దీనికంటే ముందు అందరిలాగే నేనూ ఒక తప్పు చేశాను. బీఎం-800 అని రకరకాల పేర్లతో అమ్ముతారే, స్టాండు, స్పాంజి టోపీ, జల్లెడ అన్నీ కలిపి పదిహేను వందలకి, అది కొన్నాను. నేరుగా లాప్‌టాప్ మైక్ రంధ్రంలో పెడితే పాట వెనకాల ఎవరో దోసెలు పోస్తున్నట్టు ఒకటే సుయ్‌మని శబ్దం. కండెన్సర్ మైకులకి (సన్నటి శబ్దాన్నీ పట్టే రకం) మామూలుగా 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే కేబుల్ గుండానే అందే కరెంటు, కావాలి, లాప్‌టాప్ రంధ్రం ఇచ్చేది కొద్ది వోల్టులే అని అప్పటికి తెలియదు. ఓ ఆదివారం విప్పి చూశాను. ఇంత లావు గొట్టం లోపల పాత టేప్ రికార్డర్లలో ఉండే చొక్కా గుండీ అంత ఎలెక్ట్రెట్ మైక్! జాలితో మళ్లీ మూత బిగించి మా అబ్బాయి ఆన్‌లైన్ క్లాసులకి ఇచ్చేశాను.

రెండోసారి మాత్రం లెక్క వేసుకుని దిగాను. మైక్ ధర ఒక్కటే చూస్తే బోల్తా పడతాం. మైక్, దానికి కరెంటు ఇచ్చి పాటని లాప్‌టాప్‌కి చేర్చే ఆడియో ఇంటర్‌ఫేస్, ఆ రెంటినీ కలిపే మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్, స్టాండు, నోటిగాలి ఆపే పాప్ ఫిల్టర్, ఇవన్నీ కలిస్తేనే ఒక పాట. నేను ఇంటర్‌ఫేస్‌గా ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో మూడో తరంది తీసుకున్నాను. రెండూ కలిపి 20 వేల దగ్గర పడ్డాయి. ఏటీ2020 డబ్బాలో మైక్‌తోపాటు స్టాండుకి బిగించే క్లిప్పు, ఒక సంచీ ఉంటాయి. కేబుల్ ఉండదు! కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లి ఒకటి కొన్నాను. ఆ కేబుల్ కథ కాసేపాగి చెబుతాను. యూఎస్‌బీ మైక్ కొంటే ఇంటర్‌ఫేస్ ఖర్చు తప్పేది. పాఠాలు చెప్పుకోవడానికి, పాడ్‌కాస్ట్‌కి అది హాయి. కానీ రేపు మైక్ మార్చాలన్నా, పక్కన వీణకి ఇంకోటి పెట్టాలన్నా మళ్లీ మొదటికి వస్తాం కదా అని వద్దనుకున్నాను.

ఇక గొంతు సంగతి. నాది మామూలు మగగొంతు, ఒకటి శ్రుతి. మధ్యస్థాయిలో ఈ మైక్ గొంతుని ఉన్నదున్నట్టే వినిపిస్తుంది. ఉబ్బించదు, లోపలెక్కడో గొంతు బొంగురుపోయి ఉంటే దాచదు కూడా. మొదటి నెల నాకు నా పాట మీద విరక్తి పుట్టింది ఇందుకే. పైస్థాయిలో మాత్రం కాస్త మెరుపు ఎక్కువ. ఇంగ్లీషు పాటలు పాడేవాళ్లకి అది బాగుంటుందేమో గానీ మన కీర్తనల్లో ప్రతి పల్లవిలోనూ ఒక 'శ్రీ'యో, 'శేష'యో, 'శ్రీనివాస'యో ఉంటాడు. హెడ్‌ఫోన్స్‌లో వింటే ఆ 'శ' సూది గుచ్చినట్టు చెవిలో దిగుతుంది. సాఫ్ట్‌వేర్‌లో తగ్గించొచ్చు, నేనూ మొదట్లో అలాగే కుస్తీ పట్టాను. తర్వాత తెలిసిన కిటుకు చాలా చిన్నది: మైక్‌ని పెదాలకి ఎదురుగా కాకుండా ముక్కు ఎత్తులో పెట్టి, గడ్డం వైపు కొద్దిగా వంచాలి. గాలి కిందనుంచి వెళ్లిపోతుంది, 'శ' పదును సగానికి సగం తగ్గుతుంది.

పాప్ ఫిల్టర్ లేకుండా తెలుగు పాట తీయడం కుదరదని కూడా రాసుకోండి. భ, ఫ, ధ... మహాప్రాణం పలికిన ప్రతిసారీ మైక్ ప్రాణం పోతుంది. 'ప్రభో' అంటే దబ్బుమని తలుపు వేసినట్టు వినిపించేది. కొన్నది వచ్చేలోపు మా ఆవిడ ఎంబ్రాయిడరీ ఫ్రేముకి తన పాత సాక్సు సాగదీసి బిగించి ఇచ్చింది. నాలుగేళ్లయినా అదే వాడుతున్నాను. కొన్నది అటకమీద ఉంది.

దూరం విషయంలో నా కొలత జానెడు. చెయ్యి చాపి బొటనవేలు పెదవికి, చిటికెన వేలు సాక్సుకి ఆనిస్తే సరిపోతుంది. అంతకంటే దగ్గరికి వెళితే గొంతులో బరువు పెరుగుతుంది, రేడియో వార్తలు చదివేవాళ్ల గొంతులా అవుతుంది. వెనక్కి పోతే గది వినిపించడం మొదలవుతుంది.

ఆ గది గురించే అసలు చెప్పాలి. ఎందుకంటే నాలుగేళ్లలో నా రికార్డింగ్ బాగుపడింది మైక్ వల్ల కాదు, బెడ్‌రూమ్‌లో నేను నిలబడే చోటు మారడం వల్ల. మొదట్లో ఆన్‌లైన్‌లో ఫోమ్ ముక్కలు తెప్పించి మైక్ వెనక గోడకి అంటించాను. రెండు వేలు ఖర్చు, ఇల్లు గలాయన చేత చీవాట్లు (పీకితే రంగుతో సహా ఊడింది), ఫలితం సున్నా. తర్వాత ఆలోచిస్తే తప్పు అర్థమైంది. ఇది కార్డియాయిడ్ మైక్, అంటే ముందువైపు వినేది, వీపువైపు దాదాపు చెవిటిది. దాని మొహం నా వైపు ఉంది. నా వైపు అంటే నా వెనక గోడ వైపు కూడా. నా పాట గది చుట్టి, నా వెనక గోడకి కొట్టుకుని, నేరుగా దాని నోట్లోకే వెళుతోంది. మెత్తన కావాల్సింది నా వెనక. అందుకని ఇప్పుడు బీరువా తలుపులు రెండూ బార్లా తెరిచి, చీరలకి వీపు పెట్టి నిలబడతాను. పక్కన తలుపు మీద రెండు బొంతలు వేలాడుతుంటాయి. మైక్ వీపు కిటికీ వైపు, అంటే రైళ్ల వైపు. ఖర్చు లేదు. స్నానాల గదిలో పాడినట్టుండే ఆ ఖంగుమనే మోత పోయింది.

నేలమీద అదురు ఇంకో తలనొప్పి. ఆ క్లిప్పు గట్టిగా పట్టుకుంటుంది గానీ కుదుపుని ఆపదు. తెలియకుండా కాలితో తాళం వేసే అలవాటు నాది. విని చూస్తే వెనకాల ఎవరో రోకలి దంచుతున్నట్టు. స్టాండు కింద దుప్పటి మడిచి వేశాను, రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 80 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేస్తున్నాను. ఒకటి శ్రుతిలో మంద్ర పంచమం దాదాపు 98 హెర్ట్జ్, నేను దానికంటే కిందకి వెళ్లేది లేదు కాబట్టి పాటకి నష్టం లేదు. ఈ కోత మీట మైక్ మీదే ఉంటే బాగుండేది. దీని అన్నగారు ఏటీ2035కి ఆ మీట ఉంది, అదురు ఆపే షాక్ మౌంటూ డబ్బాలోనే వస్తుంది.

కాగితం మీద దీనికున్న పెద్ద లోటు సొంత రొద. ఏ కండెన్సర్ అయినా నిశ్శబ్దంలో కూడా కొంచెం సుయ్‌మంటుంది. ఏటీ2020కి అది 20 డెసిబెల్స్, ఏటీ2035కి 12, రోడ్ అనే కంపెనీ ఎన్‌టీ1-ఏకి 5. ఈ అంకెలు చూసి నాకు చాలాకాలం నిద్ర పట్టలేదు. చివరికి ఒక స్నేహితుడి దగ్గర ఎన్‌టీ1-ఏ అడిగి నెల రోజులు ఇంట్లో పెట్టుకున్నాను. ఒకే రాత్రి, ఒకే పల్లవి, రెండు మైకులూ పక్కపక్కన. రొద విషయంలో నాకు తేడా వినపడలేదు! ఫోన్ యాప్ లెక్క పక్కాగా నమ్మలేం గానీ, అర్ధరాత్రి ఫ్యాన్ ఆపాక కూడా మా గది 35 డెసిబెల్స్ దగ్గరే ఊగుతోంది. ఊరి రొదే 35 ఉన్న చోట మైక్ రొద 5 అయితేనేం, 20 అయితేనేం? ఇక 'శ' అయితే ఆ ఖరీదైనదానిలోనే నా గొంతుకి ఇంకా గుచ్చుకుంది. నెలాఖరుకి వెనక్కి ఇచ్చేశాను, కడుపుమంట తగ్గింది.

ఒక్క చోట మాత్రం ఆ 20 నాకు నిజంగా అడ్డొచ్చింది, మా అమ్మ దగ్గర. డెబ్బై దాటిన మనిషి, గొంతు దారంలా సన్నగా వస్తుంది. "దీని ముందు పాడాలంటే పళ్ల డాక్టరు ముందు కూర్చున్నట్టుందిరా" అని ఇంకా తగ్గించి పాడేది. వినపడాలని గెయిన్ (ఇంటర్‌ఫేస్ మీద శబ్దం పెంచే మీట) పెంచితే హారతి పాటతోపాటు సుయ్‌మనే రొద కూడా పైకి లేచేది. చివరికి ఆవిణ్ణి మంచం మీద తనకి అలవాటైనట్టు కూర్చోబెట్టి, మైక్‌ని జానెడు నుంచి బెత్తెడుకి జరిపాను. దూరం సగం తగ్గితే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, బెత్తెడంటే సగంకంటే తక్కువే. గెయిన్ దించేశాను, రొద పోయింది. దగ్గరితనం వల్ల వచ్చే ఆ బరువు కూడా ఆమె సన్నటి గొంతుకి కలిసొచ్చింది.

గోల ఉన్న ఇంట్లో కండెన్సర్ ఎందుకు, ష్యూర్ ఎస్‌ఎమ్58 లాంటి డైనమిక్ మైక్ (ఫాంటమ్ పవర్ అక్కర్లేని రకం) కొనుక్కోండి అని చాలామంది సలహా ఇస్తారు. సగం నిజం. దానికి బయటి గోల తక్కువ వినిపించడానికి ముఖ్య కారణం మనం దాన్ని పెదవికి ఆనించి పాడటమే. జానెడు దూరంలో పెడితే అదీ రైలు కూతని చక్కగా పట్టుకుంటుంది. పైగా అది ఇచ్చే సిగ్నల్ కండెన్సర్ కంటే చాలా తక్కువ, గెయిన్ ఎక్కువ తిప్పాలి. పగలు మాత్రమే పాడే వీలున్నవాళ్లు, గొంతెత్తి పాడేవాళ్లు నిక్షేపంగా దాన్నే తీసుకోవచ్చు. సన్నటి గమకాలు పట్టుబడాలంటే నా ఓటు కండెన్సర్‌కే.

ఇప్పుడు కేబుల్ కథ. మూడో ఏడు వానాకాలంలో, బోనాల గోల అయిపోయి హమ్మయ్య అని కూర్చున్న వారం, పాట మధ్యలో చిటపటలు మొదలయ్యాయి. తేమ ఎక్కితే కండెన్సర్ క్యాప్సూల్ (మైక్ లోపల శబ్దాన్ని పట్టే బిళ్ల) అలాగే చిటపటమంటుందని చదివి ఉన్నాను కాబట్టి మైక్ పోయిందనే ఖాయం చేసుకున్నాను. బియ్యం డబ్బాలో పెట్టమని ఒకరు, వద్దు దుమ్ము పోతుందని ఇంకొకరు. ఒకటే టెన్షన్. కోఠిలోనే ఓ సందులో ఆంప్లిఫయర్లు బాగుచేసే పెద్దాయన దగ్గరికి మైక్, కేబుల్ రెండూ పట్టుకెళ్లాను. ఆయన మైక్ వంక చూడనే లేదు. కేబుల్ చివర ఇనప టోపీ తిప్పి తీసి, కళ్లజోడు నుదుటి మీదకి తోసి, వెలుతురులో నాకు చూపించాడు. మూడు పిన్నుల్లో రెండోదాని సోల్డర్ ఊడి, తీగ ఒక్క పోగు మీద వేలాడుతోంది. "మైకుకేం కాలే సార్, గీ వైరే ఊడింది" అని నిమిషంలో అతికించి యాభై తీసుకున్నాడు. అప్పటినుంచి ఏ అపశబ్దం వచ్చినా ముందు కేబుల్ మార్చి చూస్తాను. ఫాంటమ్ పవర్ మీట కూడా కేబుల్ రెండు వైపులా పెట్టాకే నొక్కుతాను, తీసేముందు ఆపేస్తాను. తేమ భయం మాత్రం పోలేదు. చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పోగేసి, మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బాలో వాటితోపాటే మైక్‌ని దాస్తాను. ఇప్పటికి కొత్తదానిలాగే ఉంది. జాలీ మీద ఒక సొట్ట తప్ప, అది మా అబ్బాయి క్రికెట్ పుణ్యం.

ఇవాళ మొదటిసారి కొంటుంటే ఏం తీసుకుంటానని మా తమ్ముడు అడిగాడు. వాడిది మణికొండలో పన్నెండో అంతస్తు, రాత్రిపూట నిజంగానే నిశ్శబ్దం. కోత మీట, షాక్ మౌంట్, తక్కువ రొద వాడికి పనికొస్తాయి కాబట్టి ఇంకొంచెం పెట్టి ఏటీ2035 తీసుకోమన్నాను. నా విద్యానగర్ ఫ్లాట్‌కైతే మళ్లీ ఇదే 2020, మిగిలిన డబ్బుతో కిటికీకి మందపాటి కర్టెన్. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఏ మైకూ ఏమీ చేయలేదు. ఫ్యాన్ ఆపి ఒక చరణం పాడటం, ఫ్యాన్ వేసుకుని చెమట ఆరబెట్టుకోవడం, మళ్లీ ఆపి రెండో చరణం. మొన్న మే నెలలో అలా ఒక్క కీర్తన పూర్తయ్యేసరికి పాల ప్యాకెట్లవాడు వచ్చేశాడు.