పంటి చికిత్సలో సెడేషన్: మా ఓటు గ్యాస్‌కే

డ్రిల్లు చప్పుడు వింటేనే చేతులు చల్లబడేవాళ్లకి, ఎంత బతిమాలినా నోరు తెరవని పిల్లలకి డెంటల్ క్లినిక్కుల్లో ఇప్పుడు ప్రధానంగా మూడు రకాల సెడేషన్ (భయం తగ్గించి మగతగా ఉంచడం) ఇస్తున్నారు. ముక్కుతో పీల్చే నైట్రస్ ఆక్సైడ్ గ్యాస్, నోటితో తాగించే మిడజోలం అనే మగత మందు, అదే మిడజోలం నరంలోకి ఎక్కించడం. మూడూ పనిచేస్తాయి. ప్రమాదం మాత్రం మూడింటిలో ఒకేలా ఉండదు.

గ్యాస్‌కి పెద్దపీట వేయడానికి కారణం ఒక్కటే, మోతాదు చివరిదాకా డాక్టర్ చేతిలోనే ఉంటుంది. ముక్కుకి మాస్కు తగిలించి ముందు కాసేపు వట్టి ఆక్సిజన్ ఇస్తారు. పెద్దవాళ్లకి నిమిషానికి 5–6 లీటర్లు మామూలు. ఊపిరితో పాటు మిషన్‌కి తగిలించిన గాలి బ్యాగు కొద్దిగా ముడుచుకుంటూ నిండుతూ ఉండాలి. కదలకుండా ఉంటే మాస్కు సరిగ్గా అతకలేదనో, పేషెంట్ నోటితో పీలుస్తున్నాడనో అర్థం. ఆ తర్వాత గ్యాస్‌ని 5–10 శాతం చొప్పున పెంచుతారు. చాలామందికి 30–50 శాతం మధ్యలోనే వేళ్లు తిమ్మిరెక్కి, బిగబట్టిన భుజాలు జారతాయి. పిలిస్తే పలుకుతారు. చెమట, వికారం మొదలైతే మోతాదు ఎక్కువైనట్టే. తగ్గిస్తే నిమిషాల్లో సర్దుకుంటుంది. పని అయ్యాక కనీసం 5 నిమిషాలు మళ్లీ 100 శాతం ఆక్సిజన్ ఇవ్వాలి. బయట జనం ఎక్కువున్నారని దీన్ని ఎగ్గొట్టే క్లినిక్కుకి మేము మార్కులు వేయం.

మిషన్ ఎలాంటిదైనా ఆక్సిజన్‌ని 30 శాతం కన్నా కిందికి దిగనివ్వకూడదు, ఆక్సిజన్ ఆగితే గ్యాస్ కూడా దానంతటదే ఆగిపోవాలి. సిబ్బంది బోల్తా పడే చోటు ఇంకొకటుంది. నీలం సిలిండర్‌లో నైట్రస్ ద్రవంగా ఉంటుంది కాబట్టి ద్రవమంతా అయిపోయేదాకా మీటరు ముల్లు దాదాపు కదలదు. ఎంత మిగిలిందో తూకం వేస్తేనే తెలుస్తుంది.

గ్యాస్‌కీ లోపాలున్నాయి. జలుబుతో ముక్కు మూసుకుపోతే పనిచేయదు, పై ముందు పళ్లకి మాస్కు అడ్డొస్తుంది. గర్భం తొలి 3 నెలల్లో వద్దు. రెటీనా ఆపరేషన్‌లో కంట్లో గ్యాస్ బుడగ పెట్టినవాళ్లకి అసలే వద్దు, చూపే పోవచ్చు. బి12 లోపం ఉందా అని కూడా అడగాలి. మన శాకాహారుల్లో అది అరుదేమీ కాదు. ఇక, గ్యాస్ ఇచ్చినా తిమ్మిరి సూది తప్పదు.

తాగించే మందుకి తక్కువ మార్కులే. పిల్లలకి కిలోకి 0.25–0.5 మి.గ్రా. ఇచ్చి 20–30 నిమిషాలు ఆగుతారు. మింగాక పెంచలేం, వెనక్కి తీయలేం. కొందరు పిల్లలు నిద్రపోవడానికి బదులు ఇంకా గింజుకుంటారు. ఇంట్లోనే తాగించి తీసుకురమ్మనే చోటికి వెళ్లొద్దు. కారులో పిల్లాడి తల ముందుకి వాలి గడ్డం ఛాతీకి ఆనితే శ్వాసదారి మూసుకుపోతుంది, వెనక సీట్లో దాన్ని ఎవరూ గమనించరు. దీనికి తోడు తిమ్మిరి మందు లెక్క ఉంది. కిలోకి 4.4 మి.గ్రా. చొప్పున 15 కిలోల పిల్లాడికి లిగ్నోకైన్ (తిమ్మిరి సూదిలోని మందు) హద్దు 66 మి.గ్రా., అంటే 2 శాతం మందు 3.3 మి.లీ. మాత్రమే. నోట్లో నాలుగు వైపులా ఒకేరోజు చేసేద్దామంటే ఈ హద్దు సులువుగా దాటిపోతుంది.

నరంలోకి ఎక్కించే పద్ధతి తీవ్రమైన భయం ఉన్నవాళ్లకి, జ్ఞానదంతాల సర్జరీకి బాగా పనికొస్తుంది, అదీ మత్తు డాక్టర్ విడిగా ఉంటేనే. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి 1 మి.గ్రా. ఇచ్చి, 2 నిమిషాలు చూసి, అవసరమైతే ఇంకొంచెం ఇస్తారు. పన్ను తీసే చేతులే ఊపిరినీ కనిపెట్టుకోవడం కుదరని పని. ఆక్సిజన్ పెట్టి ఉన్నప్పుడు ఊపిరి ఆగినా వేలి పల్స్ ఆక్సిమీటర్‌లో అంకె పడిపోవడానికి సమయం పడుతుంది. వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ని కొలిచే క్యాప్నోగ్రాఫ్ వెంటనే చెబుతుంది. అది ఉందా అని ఫోన్‌లోనే అడగండి. గట్టిగా గురకపెట్టేవాళ్లకి, టాన్సిల్స్ పెద్దవిగా ఉన్నవాళ్లకి ఆసుపత్రే మేలు.

మిడజోలం ఇచ్చే ముందు కడుపు ఖాళీగా ఉండాలి: నీళ్లు తాగి 2 గంటలు, ఇడ్లీ తింటే 6, బిర్యానీ తింటే 8. మిడజోలం మత్తు ఎక్కువైతే విరుగుడు మందు ఫ్లుమాజెనిల్ 0.2 మి.గ్రా.తో మొదలుపెడతారు. దాని ప్రభావం గంటలోపే తగ్గుతుంది, మిడజోలం ఇంకా ఒంట్లోనే ఉంటుంది. అందుకే విరుగుడు ఇచ్చి లేపిన పేషెంట్‌ని ఆ వెంటనే ఆటో ఎక్కించకూడదు. కనీసం 2 గంటలు క్లినిక్కులోనే పడుకోబెట్టి కనిపెట్టుకుని ఉండాలి.