బిల్డర్‌కి స్థలం ఇచ్చేటప్పుడు: ఫిఫ్టీ-ఫిఫ్టీనా, అరవై శాతమా, పార్ట్‌నర్‌షిప్పా?

నాచారంలో మా పాత ఇల్లు డెవలప్‌మెంట్‌కి (స్థలం మనది, కట్టే ఖర్చు బిల్డర్‌ది, వచ్చిన ఫ్లాట్లు ఇద్దరూ పంచుకోవడం) ఇచ్చినప్పటి నుంచి చుట్టాలూ ఆఫీసువాళ్లూ అడిగేది ఒకటే: ఫిఫ్టీ-ఫిఫ్టీకి ఒప్పుకోవాలా, అరవై ఇస్తానన్నవాడికి ఇవ్వాలా, లేక బిల్డర్‌తో ఫర్మ్ పెట్టి లాభంలో వాటా అడగాలా?

లాభంలో వాటా వినడానికి బాగుంటుంది. కానీ సిమెంటూ స్టీలూ కమీషన్లూ అన్నీ పోను మిగిలిందెంతో లెక్క రాసేది బిల్డరే కదా! పైగా స్థలాన్ని ఫర్మ్‌లో పెట్టిన ఏడాదే, చేతికి రూపాయి రాకముందే, క్యాపిటల్ గెయిన్స్ పన్ను (ఆస్తి విలువ పెరిగిన లాభం మీద పన్ను) పడుతుంది. ఫర్మ్ అప్పులకి మన సొంత ఆస్తులూ బాధ్యతే. ఎల్‌ఎల్‌పీ (భాగస్వాముల బాధ్యతకి పరిమితి ఉండే ఫర్మ్) అయితే అప్పుల బాధ తప్పుతుంది, పన్ను తప్పదు. అదే రిజిస్టర్డ్ డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ అయితే, 2017లో చట్టం మార్చాక, బిల్డింగ్ పూర్తయిన సర్టిఫికెట్ వచ్చిన ఏడాదిలోనే ఆ పన్ను. ఈలోపు మీ వాటా అమ్ముకుంటే మాత్రం ఆ వెసులుబాటు పోతుంది.

డబ్బు అర్జెంటా? మొత్తం అమ్మేయండి, అంతే.

ఇక ఫిఫ్టీనా అరవైనా అంటే, నేను ముందు చూసింది పర్సెంటేజీ కాదు, జీపీఏ, అంటే మన తరఫున అమ్మడానికి బిల్డర్‌కి రాసిచ్చే అధికార పత్రం. అరవై ఇస్తానన్నాయన డ్రాఫ్టులో, రిజిస్ట్రేషన్ అయిన రోజు నుంచే తన వాటా మొత్తం అమ్ముకోవచ్చు, తాకట్టూ పెట్టుకోవచ్చు అని ఉంది. ఆ ఆస్తిలో ఆయనకీ వాటా ఉంటుంది కాబట్టి తర్వాత మనకి కోపమొచ్చిందని ఆ జీపీఏ రద్దు చేయలేం. పిల్లర్లు లేచాక పని ఆగిందనుకోండి, కొన్నవాళ్లూ బ్యాంకూ మన గుమ్మం ముందే ఉంటారు. మాది 450 గజాలు, 8 ఫ్లాట్లు. 500 చదరపు మీటర్లలోపు, 8 ఫ్లాట్లకు మించలేదు కాబట్టి రెరా (ఫ్లాట్లు కొనేవాళ్లకి రక్షణగా తెచ్చిన రియల్ ఎస్టేట్ చట్టం) రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, అంటే కొనేవాళ్ల డబ్బులో 70 శాతం విడి అకౌంట్‌లో ఉంచాలన్న రూలు కూడా మాకు లేదు. ఉన్న రక్షణంతా ఆ కాగితమే.

ఫిఫ్టీ అన్నాయన స్లాబుల లెక్కన అమ్ముకోవడానికి ఒప్పుకున్నాడు: రెండో స్లాబు పడ్డాక ఒక ఫ్లాటు, నాలుగోది పడ్డాక ఇంకోటి, మిగతా రెండూ మా నాలుగు ఫ్లాట్ల తాళాలు ఇచ్చాకే. తాకట్టు లేదు. పర్మిషన్ రాగానే ఏ ఫ్లాటు ఎవరిది, ఏ పార్కింగ్ ఎవరిది అని సప్లిమెంటరీ అగ్రిమెంట్ కూడా రాసుకున్నాం. ఆయనకే ఇచ్చాం.

పోయిన పది శాతం గురించి మా తమ్ముడు ఇంకా సణుగుతూనే ఉన్నాడు. మొన్ననే రెండో స్లాబు పడింది.