మా ఊరి డిపో: బియ్యం ఉన్నాయి, పప్పు ఏది?

మాది కోనసీమలో కాలవ గట్టున ఉన్న ఊరు. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను, మా ఆయన కొబ్బరి దింపుకి వెళ్తారు. అత్తయ్య, ఇంటర్ చదువుతున్న బాబు, మేమిద్దరం, రేషన్ కార్డులో నలుగురం. పెళ్ళై ఈ ఊరు వచ్చిన దగ్గర్నుంచి, అంటే 22 ఏళ్ళుగా, రేషన్ డిపో నుంచి మా ఇంటికి కోటా తెచ్చేది నేనే. హోటళ్ళ గురించి, చీరల షాపుల గురించి ఎంతోమంది రాస్తున్నారు. నెలనెలా మా ఇంట్లో పొయ్యి వెలిగించే కొట్టు గురించి కూడా ఎవరో ఒకరు రాయాలి కదా, నేనే రాస్తున్నాను.

ముందు మంచి చెప్తాను, ఎందుకంటే మంచి చాలానే ఉంది. డిపో తలుపులు ప్రతి నెలా 1వ తారీఖు నుంచి 15 దాకా తీసే ఉంటాయి. పొద్దున్న 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8. 2025 జూన్ నుంచి ఇలా నడుస్తోంది. అంతకుముందు నాలుగేళ్ళు వీధిలోకి రేషన్ బండి వచ్చేది. ఇంటి ముందుకే వస్తోందని మొదట్లో అందరం సంతోషించాం. కానీ బండి పొద్దున్న పదకొండింటికి వస్తే ఊడుపులకి, కోతలకి వెళ్ళిన ఆడవాళ్ళు ఎక్కడ దొరుకుతారు? నేను ఇంట్లోనే ఉండేదాన్ని కాబట్టి నాకు ఇబ్బంది లేదు. మా పక్కింటి ఆవిడ మాత్రం బండి కోసం కూలి మానుకున్న రోజులున్నాయి. ఇప్పుడు పని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఏడింటికి వెళ్ళినా బియ్యం దొరుకుతాయి. ఆవిడకి డిపోయే మేలు. నాకూ అదే మేలనిపిస్తోంది.

తూకం గురించి ఒక మాట. కాటా, మెషిన్ రెండూ కలిపి ఉంటాయి. కాటా మీద బియ్యం సరిపోతేనే మెషిన్ ఒప్పుకుంటుంది. మా డీలరు అన్నయ్య ముందు ఖాళీ బకెట్ పెట్టి, అంకె సున్నా చూపించి, అప్పుడు బియ్యం పోస్తాడు. మనిషికి 5 కిలోల చొప్పున మాకు 20 కిలోలు. ఇంటికొచ్చి మా కొబ్బరికాయల కాటా మీద ఎన్నోసార్లు తూచాను, గుప్పెడు కూడా తేడా రాలేదు. ఇది చిన్న విషయం కాదు.

ఇక వేలిముద్ర. అత్తయ్యకి 71 ఏళ్ళు. ముప్ఫై ఏళ్ళు కొబ్బరి పీచు తీసిన చేతులు, బొటనవేలి మీద గీతలు అరిగిపోయి నున్నగా అయిపోయాయి. ఒకసారి నాకు జ్వరం వస్తే ఆవిడ వెళ్ళారు. వేలు పెట్టారు, మెషిన్ తీసుకోలేదు. చీర కొంగుకి తుడుచుకుని మళ్ళీ పెట్టారు. అన్నయ్య కొంచెం కొబ్బరినూనె రాసి పెట్టమన్నాడు. పది వేళ్ళూ అయ్యాయి. ఆఖరికి కంటి మెషిన్ పెడితే తీసుకుంది. ఆ ఇరవై నిమిషాలూ వెనక లైనులో ఎవరూ విసుక్కోలేదట. కానీ ఇంటికొచ్చాక అత్తయ్య తన చెయ్యి తనే తిప్పి తిప్పి చూసుకుంటూ కూర్చున్నారు. ఆ తర్వాత ఆవిడని పంపలేదు. ఇంట్లో 65 దాటిన వాళ్ళో, దివ్యాంగులో తప్ప వేరే మనిషి లేకపోతే డీలరే నెలాఖరు రోజుల్లో ఇంటికి తెచ్చి ఇస్తున్నాడు. మా వీధి చివర ఒంటరిగా ఉండే పెద్దావిడకి అలాగే అందుతోంది.

బియ్యం లావుగానే ఉంటాయి. మా డెల్టాలో స్వర్ణ ఎక్కువ, మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టిన వంగడం అది, మాకు ఆ అన్నం అలవాటే. అరగంట నానబెట్టి వండితే మెత్తగా వస్తుంది. దోసెల పిండికి ఇంతకంటే మంచి బియ్యం లేవు. కడిగేటప్పుడు అక్కడక్కడ తెల్లటి గింజలు పైకి తేలితే చాలామంది ప్లాస్టిక్ బియ్యం అని ఏరి పారేస్తున్నారు. మా అత్తయ్య కూడా చాటలో పోసుకుని ఒక్కొక్కటే ఏరేవారు. అవి ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి తయారు చేసిన గింజలు, వంద గింజలకి ఒకటి చొప్పున కలుపుతారు. రక్తం తక్కువున్న ఆడవాళ్ళకి, పిల్లలకి మంచిది. దయచేసి పారేయకండి.

ఇంతవరకూ చదివితే డిపోకి అయిదు స్టార్లు ఇచ్చేయొచ్చు అనిపిస్తుంది. నా బాధ పప్పు దగ్గర.

2013లో అమ్మహస్తం అని వచ్చింది, గుర్తుందా? 185 రూపాయలకి తొమ్మిది సరుకులు. కిలో కందిపప్పు, లీటరు పామాయిల్, కిలో గోధుమపిండి, కిలో గోధుమలు, కిలో ఉప్పు, అరకిలో పంచదార, అరకిలో చింతపండు, పావుకిలో కారం, వంద గ్రాముల పసుపు. చింతపండు బాలేదని, కారం ఘాటు లేదని అప్పట్లో అందరం అనుకున్న మాట నిజమే. అయినా ఆ తొమ్మిదీ ఇంటికొస్తే పదిహేను రోజులు కిరాణా కొట్టు మొహం చూడక్కర్లేదు. మిగిలిన జాకెట్ ముక్కలన్నీ కలిపి ఆ సరుకుల కోసం ఒక సంచి కుట్టాను, లోపల పసుపుకీ కారానికీ వేరే జేబులు పెట్టి. రాష్ట్రం విడిపోయాక ఆ పథకం పోయింది. పప్పు, పంచదార మిగిలాయి. 2018లో కందిపప్పు కిలో 40 చొప్పున రెండు కిలోలు ఇచ్చారు. 2020లో ధర 67 అయింది. అరకిలో పంచదార 10 నుంచి 17కి పెరిగింది. కార్డుకి పప్పు కిలో అయింది. తర్వాత ఆ కిలో కూడా ఒక నెల రావడం, రెండు నెలలు రాకపోవడం. ఇప్పుడు మా డిపోలో నేను పప్పు తీసుకుని ఎన్ని నెలలైందో లెక్క మర్చిపోయాను.

"పప్పు వచ్చిందా అన్నయ్యా?" అని అడుగుతాను. "స్టాక్ రాలేదమ్మా" అంటాడు. అతని తప్పేం లేదు, గోడౌన్ నుంచి రాకపోతే ఎక్కడినుంచి తెస్తాడు? కానీ నేను ఇన్నేళ్ళలో గమనించిందేంటంటే, పేదవాళ్ళ సరుకు తగ్గించినప్పుడు తగ్గించామని మాకెవరూ చెప్పరు. ధర పెంచితే పేపర్లో వస్తుంది. సరుకు ఆపేస్తే స్టాక్ రాలేదు అన్న మాట ఒక్కటే వస్తుంది. వచ్చే నెల వస్తుందేమో అని మనం ఎదురుచూస్తూనే ఉంటాం.

బియ్యం ఆగకుండా పప్పు ఎందుకు ఆగుతుందో మా బాబు చెప్పాడు, కాలేజీలో సివిక్స్ చదువుతున్నాడు. బియ్యానికి 2013 ఆహార భద్రత చట్టం ఉంది. మన రాష్ట్రంలో 2.68 కోట్ల మంది బియ్యం ఖర్చు కేంద్రం పెట్టుకుంటుంది, ఆపైన ఉన్నవాళ్ళ ఖర్చు రాష్ట్రం పెట్టుకుంటుంది. ఆ చట్టంలో బియ్యం, గోధుమలు, చిరుధాన్యాలు ఉన్నాయి, పప్పు లేదు. పప్పు ఇవ్వాలంటే రాష్ట్ర బడ్జెట్‌లోంచే ఇవ్వాలి. 2024లో కిరాణాలో కందిపప్పు 180 దాకా వెళ్ళింది. 67కి ఇస్తే కిలోకి 113 రూపాయలు ప్రభుత్వం భరించాలి. రాష్ట్రంలో కార్డులు సుమారు 1.45 కోట్లు. వాడు నోట్‌బుక్ వెనక గుణించి చూపించాడు, నెలకి 160 కోట్లు దాటింది. డబ్బు కటకటగా ఉన్నప్పుడు చెయ్యి ముందు దేని మీద పడుతుందో ఆ లెక్క చూస్తే నాకు అర్థమైంది. పప్పు ధర పెరిగిన కొద్దీ సబ్సిడీ భారం పెరుగుతుంది, భారం పెరిగిన కొద్దీ సరుకు ఆగుతుంది. అంటే మాకు పప్పు బాగా అవసరమైన నెలలోనే డిపోలో పప్పు ఉండదు.

మా వంటింట్లో దాని సంగతి చెప్తాను. నలుగురికి పూటకి చిన్న గ్లాసుడు పప్పు కావాలి. డిపోలో కిలో వచ్చిన నెలల్లో వారానికి రెండుసార్లు ముద్దపప్పో, దోసకాయ పప్పో, గోంగూర పప్పో ఉండేది. ఇప్పుడు కొట్లో పావుకిలో కొంటున్నాను. అదే గ్లాసులో సగం పోసి, నీళ్ళు, చింతపండు, మునక్కాయ వేసి పప్పుచారు కాస్తున్నాను. చెట్టెక్కి దిగి వచ్చిన మనిషికి గరిట అడుగు దాకా ముంచి గట్టిగా ఉన్నది వేస్తాను, పైన తేట నేను పోసుకుంటాను. ఆయనకి తెలుసు. ఏమీ అనరు, అన్నంలో మజ్జిగ ముందే కలుపుకుంటారు. మాకు గుడ్డు వారానికి ఒకసారి, చేప దొరికినప్పుడు. రోజూ ఒంటికి బలమిచ్చేది పప్పే. పెసలు, మినుములు మా చేలల్లోనే పండుతాయి గానీ కూలివాళ్ళకి ధర తగ్గించి ఎవరిస్తారు? కంది మాత్రం మా వైపు పొలం గట్ల మీద వేసుకున్నంతే.

బాబుకి మధ్యాహ్నం భోజనం కాలేజీలో దొరుకుతోంది. 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో కూడా పెడుతున్నారు. ఆ పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆవిడది మా కోనసీమే, లంకల గన్నవరం. ఏ వేళప్పుడు ఎవరొచ్చినా అన్నం పెట్టిన తల్లి అని మా అత్తయ్య ఇప్పటికీ చెప్తారు. ఆ పేరు పెట్టినందుకు నాకు సంతోషమే. ఆవిడ విస్తట్లో మాత్రం ఒట్టి అన్నం వడ్డించి ఉండరు.

నేను అడిగేది ఒక్కటే. కిలో పప్పుని కూడా బియ్యంలాగే కచ్చితంగా ఇవ్వాల్సిన సరుకుగా బడ్జెట్‌లో రాయండి. ధర 67 కాకుండా 90 చేసినా తీసుకుంటాం. ప్రతి నెలా వస్తుందని తెలిస్తే దానికి తగ్గట్టు మేం సర్దుకుంటాం. ఇవ్వలేకపోతే ఈ నెల లేదని డిపో గోడ మీద బోర్డు పెట్టించండి, ఆ పావుకిలోకి ముందే డబ్బు దాచుకుంటాం.

మా డిపోకి మొదటిసారి వెళ్ళేవాళ్ళకి: మొదటి మూడు రోజులు లైను ఎక్కువ, 5వ తారీఖు తర్వాత సాయంత్రం ఆరున్నరకి వెళ్తే పది నిమిషాల్లో పని అయిపోతుంది. బిల్లు అడిగి తీసుకోండి. తూకంలో తేడా వస్తే 1967కి ఫోన్ చెయ్యొచ్చు. బాగా పేదవాళ్ళకిచ్చే అంత్యోదయ కార్డు ఉన్నవాళ్ళకి 35 కిలోలు, వాళ్ళు చిన్న గోనె తెచ్చుకోవడం మంచిది. డీలరుకీ, తూకానికీ, టైముకీ కలిపి అయిదుకి నాలుగున్నర ఇస్తాను. సరుకులకి రెండు.

ఈ నెల 6న వెళ్ళాను. 20 కిలోల బియ్యం, అరకిలో పంచదార, 17 రూపాయలు. జేబులున్న ఆ పాత సంచి కూడా పట్టుకెళ్ళాను, అన్నయ్య చూసి "ఇంకా ఉందా అది!" అన్నాడు. పంచదార అందులోనే వేసుకుని వచ్చాను.