విడి సంచికలా, బైండు పుస్తకమా? 1900–1920 నాటి అమెరికా గురించి చదవడానికి ఏది మేలు?

మా అమ్మమ్మ వారపత్రికల్లో వచ్చే సీరియల్ పేజీలు జాగ్రత్తగా చింపి, అన్నీ వచ్చాక బైండు చేయించుకునేది. అదే నవల తర్వాత అచ్చు పుస్తకంగా ఇంటికొచ్చినా ఆవిడ తన బైండే చదివేది. అందులో పేజీ వెనక తలనొప్పి మాత్రల ప్రకటనో, సగం తెగిన వంటల శీర్షికో ఉండేది. ఆ రోజుల్లో ఏది ఎంతకొచ్చేదో నాకు తెలిసింది ఆ తెగిన ముక్కల్లోంచే. ఇరవయ్యో శతాబ్దపు మొదటి ఇరవై ఏళ్ల అమెరికా గురించి పుస్తకాలు చదవాలా, ఆనాటి పత్రికలే చదవాలా అని ఎవరడిగినా నాకు ఆ బైండులే గుర్తొస్తాయి.

ఒకే రచన రెండు రూపాల్లోనూ ఉంటే పోల్చడం తేలిక. పాత్రికేయురాలు ఇడా టార్బెల్ రాసిన, రాక్‌ఫెల్లర్ పెట్రోలియం వ్యాపార సంస్థ స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ చరిత్ర అలాంటిది. మెక్‌క్లూర్స్ మాసపత్రికలో 1902 నవంబరు నుంచి 1904 అక్టోబరు దాకా 19 భాగాలుగా వచ్చింది. 1904లోనే రెండు సంపుటాల పుస్తకమైంది.

అందులో 1872 నాటి రైలు కిరాయిల వ్యవహారం ఒకటుంది. రాక్‌ఫెల్లర్ వర్గం రైలు కంపెనీలతో రహస్య ఒప్పందం చేసుకుంది. తమ నూనెకు కిరాయిలో తగ్గింపు ఇవ్వాలి. అంతటితో ఆగలేదు, పోటీవాళ్లు తమ నూనెకు కట్టే కిరాయిలోంచి కూడా వీళ్లకు వాటా రావాలి. అంటే పోటీవాడు ఎంత సరుకు పంపితే వీళ్లకు అంత లాభం! సంగతి బయటపడి నూనెబావుల జనం తిరగబడటంతో ఆ ఒప్పందం కొద్ది నెలల్లోనే రద్దయింది. ఈలోగా క్లీవ్‌లాండ్‌లోని నూనె శుద్ధి కర్మాగారాలు చాలావరకు రాక్‌ఫెల్లర్ చేతికి వెళ్లిపోయాయి. పెన్సిల్వేనియా నూనెబావుల ప్రాంతంలో ఆ దెబ్బ తిన్న కుటుంబాల్లో టార్బెల్ వాళ్లదీ ఒకటి. అప్పటికి ఆమెకు 14 ఏళ్లు. ఇలాంటి లెక్కల వ్యవహారం అర్థం కావాలంటే పుస్తకమే మేలు. చివర అనుబంధాల్లో ఆమె సేకరించిన ఒప్పందాలు, సాక్ష్యాలు ఉన్నాయి. వెనక్కీ ముందుకీ తిప్పుకుంటూ సరిచూసుకోవచ్చు.

రచన సాగుతుండగా జరిగినవి మాత్రం నెలనెలా సంచికలతోపాటు చదివితేనే తెలుస్తాయి. స్టాండర్డ్ ఆయిల్ పెద్దల్లో ఒకరైన హెన్రీ రోజర్స్ ఆమెను చాలాకాలం తన ఆఫీసుకు రానిచ్చి మాట్లాడాడు. ఇంతలో ఆ కంపెనీలో కాగితాలు తగలబెట్టే పని చేసే ఒక కుర్రాడు వాటిలో తన సండేస్కూలు మాస్టారి పేరు చూశాడు. ఆ మాస్టారు సొంతంగా నూనె వ్యాపారం చేసుకునే మనిషి. ఆయన ఎవరికి ఎంత సరుకు పంపుతున్నాడో కంపెనీ రైల్వే వాళ్ల దగ్గర ఆరా తీయిస్తోందని అలా బయటపడింది. ఆ గూఢచర్యం మీద టార్బెల్ భాగం అచ్చయ్యాక రోజర్స్ కోపంతో ఇవన్నీ ఎక్కడివని నిలదీశాడు. మళ్లీ ఆమెను కలవలేదు. 1905లో మెక్‌క్లూర్స్ అచ్చువేసిన రాక్‌ఫెల్లర్ వ్యక్తిచిత్రణ కూడా 1904 నాటి ఆ రెండు సంపుటాల్లో ఉండదు.

1903 జనవరి సంచిక ఒక్కటైనా చూడండి. టార్బెల్ భాగం పక్కనే మినియాపొలిస్ నగరపాలనలో లంచాల మీద లింకన్ స్టెఫెన్స్, బొగ్గు గనుల సమ్మెలో చేరని కూలీల అగచాట్ల మీద రే స్టానర్డ్ బేకర్. మూడూ ఒక్క సంచికలోనే. చట్టాన్ని కాపాడేవాళ్లు ఇక ఎవరు మిగిలారని సంపాదకీయం అడుగుతుంది.

ఇంత చదివి ఆనాటి అమెరికా నాకు తెలిసిపోయిందనుకున్నాను. తెలియలేదు. ఆ సంచికలో కంపెనీలున్నాయి, కూలీలున్నారు, మేయర్లున్నారు. చెట్లకు వేలాడదీసి చంపుతున్న నల్లవాళ్లు లేరు. బేకర్ తర్వాత వేరే పత్రికలో వర్ణభేదం మీద శ్రద్ధగానే రాశాడు, అది 1908లో పుస్తకమైంది కూడా. అయినా అది బయటినుంచి వచ్చి చూసి వెళ్లిన మనిషి రాత. 1910 నవంబరులో నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్ సంపాదకత్వంలో నల్లవారి హక్కుల కోసం 'ది క్రైసిస్' అనే మాసపత్రిక మొదలైంది. మొదటి సంచిక వెయ్యి ప్రతులు. 1919 నాటికి లక్ష దాటింది. టెక్సస్‌లోని వేకోలో జెస్సీ వాషింగ్టన్ అనే నల్ల కుర్రాణ్ణి జనం మధ్య సజీవంగా కాల్చిన ఘోరం మీద 1916 జులైలో ఫొటోలతో ప్రత్యేక అనుబంధం వేసింది. అదే పత్రిక ఏటా అక్టోబరులో పిల్లల సంచిక తెచ్చేది. నిండా పాఠకులు పంపిన పసిపిల్లల ఫొటోలు, ఇస్త్రీ చేసిన తెల్లగౌన్లు, నున్నగా దువ్విన తలలు. ఈ రెండు సంచికలూ పక్కపక్కన పెట్టుకుని చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

చరిత్రకారుల పుస్తకాల్లో రిచర్డ్ హాఫ్‌స్టాడర్ 1955లో రాసిన 'ది ఏజ్ ఆఫ్ రిఫార్మ్'కు పేరుంది. సంస్కర్తల మనస్తత్వాన్ని చక్కగా విప్పుతుంది. నల్లవారి సంగతి మాత్రం దాదాపు లేదు. దానికన్నా ముందు మనవాళ్లకు నేను చెప్పేది 1916లో లాలా లజపతిరాయ్ అమెరికా గురించి రాసిన పుస్తకం. పరాయి పాలనలోంచి వెళ్లిన మనిషి కనుక నల్లవారి స్థితిని మన కులాల స్థితి పక్కన పెట్టి చూశాడు. ఆ రోజుల్లోనే అక్కడ, భారత స్వాతంత్ర్యం కోసం ప్రవాసులు పెట్టిన గదర్ పార్టీలో చేరిన తెలుగువాడు దరిశి చెంచయ్య ఆత్మకథ 'నేను నా దేశం' తెలుగులోనే ఉంది.

వ్యాపారం, చట్టాలు అర్థం కావాలనుకుంటే టార్బెల్ పుస్తకం తీసుకోండి. మనుషుల కోసమైతే క్రైసిస్ విడి సంచికలు. రెండిట్లో ఒక్కటే చదివే తీరిక ఉంటే నా ఓటు క్రైసిస్‌కే. 1922 దాకా సంచికలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. 1918 జులైతో మొదలుపెట్టండి. మొదటి ప్రపంచయుద్ధం ముగిసేదాకా మన నల్లవారి బాధలు పక్కనపెట్టి తెల్లవారితో భుజం కలుపుదామని అందులో డుబాయిస్ రాశాడు. 1919 మేలో అదే మనిషి, యుద్ధం నుంచి తిరిగొచ్చాం, యుద్ధం చేస్తూనే తిరిగొచ్చాం అని రాశాడు. ఆ సంచికను తపాలా శాఖ ఒక రోజు ఆపి ఉంచింది. పుస్తకాల్లో ఇది ఒక వాక్యంలో అయిపోతుంది, డుబాయిస్ అభిప్రాయం మార్చుకున్నాడని. మధ్యలో ఉన్న నెలల సంచికలు ఒక్కొక్కటే తిప్పండి.