పొట్టి చేతులకి రూగర్ 10/22

రూగర్ 10/22 మంచిదేనా అని టెక్సస్‌లో అడిగితే నవ్వుతారు. 1964 నుంచి అమ్ముడుపోతూనే ఉంది, ఇక్కడి తాతలు మనవలకి కొనిచ్చే మొదటి రైఫిల్ చాలా ఇళ్ళల్లో ఇదే. అందుకని మంచీచెడ్డా కాకుండా, అయిదడుగుల మనిషికి, అందులోనూ ఎడమచేతి వాటం ఆడమనిషికి ఇది ఎలా కుదురుతుందో రాస్తున్నా. ఆరడుగుల మగవాళ్ళ రివ్యూలు యూట్యూబ్ నిండా ఉన్నాయి.

డిగ్రీలో ఎన్‌సీసీ పుణ్యమా అని పాయింట్ టూ టూ (.22 అనే చిన్న తూటా వాడే రైఫిల్) కాల్చాను. బోర్లా పడుకోవడం, పాతిక గజాల దూరంలో టార్గెట్, ప్రతి తూటాకీ బోల్టు లాగి తొయ్యడం. 10/22లో ఆ లాగుడు లేదు, ఒకటి పేలగానే తర్వాతది దానంతటదే ఎక్కుతుంది. తూటా మాత్రం అదే, 1887 నాటి పాయింట్ టూ టూ లాంగ్ రైఫిల్. భుజానికి దెబ్బే తెలీదు. పది తూటాల మ్యాగజైన్ లోపల గుండ్రంగా తిరుగుతుంది, ఒక్కో తూటాకీ ఒక్కో గాడి. ఈ తూటాలకి అడుగున అంచు ఉంటుంది. ఒకదాని మీదొకటి పేరిస్తే ఆ అంచులు తట్టుకుని ఇరుక్కోవచ్చు, గాడుల్లో ఆ బాధ లేదు. మొత్తం రైఫిల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

నచ్చనిది భుజానికి ఆనించే వెనక చెక్క, అంటే స్టాక్. షాపులో భుజానికి ఆనించగానే తెలిసిపోయింది. ట్రిగ్గర్ నుంచి భుజం దాకా 13.5 అంగుళాలు. నేను పట్టుకుంటే మెడ ముందుకి సాగుతుంది, నడుము వెనక్కి వంగుతుంది. పక్కింటావిడ కొలతలకి కుట్టిన జాకెట్ వేసుకున్నట్టే.

దీనికి మందు మాగ్‌పుల్ వాళ్ళ హంటర్ ఎక్స్-22 స్టాక్. వెనకున్న స్పేసర్లు తీసేస్తే 12.5 అంగుళాలకి దిగుతుంది. పాత చెక్క ఊడదియ్యడానికి ముందుగా మ్యాగజైన్ తీసి, ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందో లేదో కళ్ళతో చూసుకోండి. తర్వాత బ్యారెల్ మీది బ్యాండ్ వదులు చేసి జారదీసి, కింద ఉన్న ఒక్క స్క్రూ విప్పితే చాలు. సేఫ్టీ బటన్‌ని మాత్రం అటూ ఇటూ కాకుండా సగంలో ఆపాలి, లేకపోతే రైఫిల్ చెక్కకి తట్టుకుని బయటికి రాదు. ధర నూటయాభై డాలర్లకి అటూ ఇటూ, అంటే రైఫిల్ ధరలో ఇంచుమించు సగం. "ప్లాస్టిక్ ముక్కకి ఇంతా!" అన్నారు మా ఆయన. ఆయనేమో బైపాడ్ (రైఫిల్ ముందుభాగాన్ని ఆపే రెండు కాళ్ళ స్టాండు) కొనుక్కొచ్చారు, "ఇది పెడితే కదలదు కదే" అని. బెంచీ మీద ఇసకమూట ఉండగా ఈ బరువుకి బైపాడ్ ఎందుకో నాకైతే అర్థం కాలేదు. స్టాక్ మార్చాక పాతిక గజాల్లో నా గ్రూపింగ్ (తూటాలు పడ్డ చోట్ల గుంపు) క్వార్టర్ డాలర్ బిళ్ళ కింద దాక్కుంటోంది. బైపాడ్ గరాజ్‌లో ఉంది.

రెండో ఖర్చు రెడ్ డాట్, అంటే గురి చూడ్డానికి ఎర్ర చుక్క చూపించే అద్దం. దాన్ని బిగించడానికి కావాల్సిన బేస్ రైఫిల్ డబ్బాలోనే ఇస్తారు. నలభై దాటిన కళ్ళకి వెనక గాడి, ముందు పూస, టార్గెట్ మూడూ ఒకేసారి స్పష్టంగా కనపడమంటే కనపడవు. చుక్క ఒక్కటే అయితే హాయి. 2 ఎంఓఏ (చుక్క సైజుకి కొలత) చుక్క తీసుకోండి, 50 గజాల్లో అది అంగుళం మేరే కప్పుతుంది. 50 గజాల్లో చుక్క ఉన్నచోటే తూటా తగిలేలా సర్దుకుంటే (దీన్నే జీరో చెయ్యడం అంటారు) 100 గజాల్లో తూటా ఆరేడు అంగుళాలు కిందికి పడుతుంది, అది గుర్తుంచుకుంటే చాలు.

ఎడమచేతి వాటం వాళ్ళకి రెండు ఇబ్బందులు. సేఫ్టీ బటన్ కుడిచేతి వేలికి అనువుగా పెట్టారు, మనం అలవాటు చేసుకోవాల్సిందే. ఖాళీ గొట్టాలు కుడిపక్కకి ఎగురుతాయి, ఒకోసారి వేడివేడిగా ముంజేతికి తగులుతాయి. పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. ఇంకోటి, తూటాలు అయిపోయినా బోల్టు వెనక ఆగిపోదు. "క్లిక్" మన్నాకే తెలుస్తుంది. కాబట్టి రేంజ్‌లో "కోల్డ్" (కాల్పులు ఆపమని) అనగానే మ్యాగజైన్ తీసి, బోల్టు వెనక్కి లాగి ఆపి, లోపల చూసుకుని మరీ బల్ల మీద పెట్టాలి.

హెచ్1బీలో ఉన్న తమ్ముళ్ళు అడుగుతున్నారు కాబట్టి: నాకు గ్రీన్ కార్డ్ ఉంది. తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ కొనడం, దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. లాయర్ని అడక్కుండా షాపు గుమ్మం ఎక్కకండి.

ఈ తూటాలు మసి ఎక్కువ వదులుతాయి, చవక డబ్బాల్లోవి అప్పుడప్పుడు పేలవు కూడా. రిసీవర్ (బోల్టు ఉండే పెట్టె) వెనకవైపు మూసేసి ఉంటుంది కాబట్టి బ్యారెల్‌లో కడ్డీ ముందునుంచే పెట్టాలి. దానికన్నా బోర్ స్నేక్ అనే శుభ్రం చేసే తాడు మేలు, వెనకనుంచి ముందుకి ఒక లాగు లాగితే సరి. సీసం కదా, చేతులు కడుక్కోకుండా ఏమీ తినకూడదు.

ఇంకో పది తూటాల మ్యాగజైన్ కొనుక్కోండి. 25 తూటాలది వద్దు, బోర్లా పడుకుంటే నేలకి కొట్టుకుంటుంది.