ఆర్కిటెక్ట్ గీసిన ఇంట్లో ఏడు ఎండాకాలాలు

2018 శ్రావణంలో గృహప్రవేశం చేశాం. నల్లగొండలో 200 గజాల జాగా, తూర్పు ముఖం, ఒక్క అంతస్తు. ప్లాన్ కోసం ఆర్కిటెక్ట్‌కు ఫీజు ఇస్తున్నామంటే చుట్టాలు మమ్మల్ని వెర్రివాళ్లను చూసినట్టు చూశారు. మేస్త్రీ ఉండగా ఆయనెందుకన్నారు. మొన్నటితో ఏడు ఎండాకాలాలు అయిపోయాయి కాబట్టి ఇప్పుడు చెప్పొచ్చు.

ముందు గోడల సంగతి. మాది ర్యాట్ ట్రాప్ గోడ. ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి కడతారు, మధ్యలో మూడు అంగుళాల బోలు మిగులుతుంది. మందం మాత్రం మామూలు తొమ్మిది అంగుళాలే. కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ విరివిగా వాడిన పద్ధతి ఇది. ఇటుక దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది, బోలులో ఉన్న గాలి బయటి వేడిని లోపలికి తొందరగా రానివ్వదు. మా మేస్త్రీ మాత్రం ససేమిరా అన్నాడు. "లోపల బోలు పెడితే రేపు కూలదా సార్, నా పేరు పోతది" అని. ఆర్కిటెక్ట్ ఏమీ వాదించలేదు. నడుమెత్తు గోడ ఒకటి కట్టించి, వారం నీళ్లు పట్టించి, మేస్త్రీ చేతికే గడ్డపార ఇచ్చాడు. నాలుగు దెబ్బలు వేసి మేస్త్రీ చెమట తుడుచుకున్నాడు. మర్నాటి నుంచి పని మొదలు.

ఇబ్బంది ఎక్కడంటే, ఈ గోడకు తర్వాత మార్పులు చేయలేం. మేకు కొడితే ఒక్కోసారి బోలులోకి జారుతుంది. కరెంటు పాయింట్లన్నీ గోడ లేచేటప్పుడే అనుకోవాలి. మేము చిన్న బెడ్‌రూమ్‌లో ఏసీ పాయింట్ మరిచిపోయాం, ఇప్పుడు గోడ మీద పైపులో వైరు వేలాడుతోంది. చూసినప్పుడల్లా నా మీద నాకే కోపం.

గోడ ఎంత మంచిదైనా నెత్తిన స్లాబ్ కాలుతుంటే లాభం లేదు. మే నెలలో 44 దాటే ఊరు మాది. ఏటా ఉగాది ముందు స్లాబ్ మీద తెల్ల సున్నం రెండు పూతలు వేయిస్తాం. 2023లో తెలంగాణ ప్రభుత్వం ఇలాంటి వేడెక్కని కప్పుల కోసం కూల్ రూఫ్ పాలసీ తెచ్చినప్పుడు 600 గజాలు, ఆపై జాగాల్లో కట్టే ఇళ్లకే తప్పనిసరి చేసింది. నన్నడిగితే మాలాంటి చిన్న ఇళ్లకే ఇది ఎక్కువ అవసరం. రాత్రి తొమ్మిదికి హాల్లో ఫ్యాన్ గాలి వేడిగా కొట్టకపోవడమంటే ఏమిటో అద్దె ఇంట్లో మగ్గినవాళ్లకు తెలుస్తుంది.

మా తప్పు ఒకటుంది. వాస్తు ప్రకారం పెద్ద బెడ్‌రూమ్ నైరుతిలోనే కావాలని మేము పట్టుబట్టాం. ఆర్కిటెక్ట్ ఒప్పుకున్నాడు కానీ పడమటి కిటికీకి సజ్జ ఒక్కటే సరిపోదు, సాయంత్రం ఎండ కింది నుంచి కొడుతుంది, పక్కన నిలువు పలకలు కావాలన్నాడు. ఖర్చు తగ్గిద్దామని తీసేయించాం. ఏప్రిల్ నుంచి నాలుగింటికి ఆ గదిలో మంచం మీద చెయ్యి పెట్టలేం. బయట కానుగ మొక్క నాటాం, ఇప్పుడిప్పుడే కిటికీ ఎత్తుకు వచ్చింది.

హాల్లో పైన వేడి గాలి పోవడానికి పెట్టిన జాలీ గోడకు సగం మార్కులే. దుమ్ము, దోమలు. దోమతెర కొట్టించాక గాలి తగ్గింది.

నేను అస్సలు వద్దన్నది మాత్రం ఇప్పుడు అందరికీ ఇష్టమైపోయింది. ప్రహరీని రెండడుగులు వెనక్కి జరిపి, మా జాగాలోనే వీధి వైపు తాండూరు బండతో అరుగు కట్టించాడాయన. నల్లగొండలో గజం ధర తెలిసినవాళ్లకు నా బాధ అర్థమవుతుంది! ఇల్లు తూర్పు ముఖం కాబట్టి మధ్యాహ్నం దాటితే ఇంటి నీడంతా అరుగు మీదే. అత్తమ్మ అక్కడే చిక్కుడుకాయలు వలుస్తుంది, తోపుడుబండి వాళ్లు అక్కడే ఆగుతారు. బతుకమ్మ రోజుల్లో వీధి ఆడవాళ్లంతా తంగేడు పూలు అక్కడే పోసుకుంటారు. రాత్రిళ్లు తాగి కూర్చునేవాళ్లతో కొన్నాళ్లు టెన్షన్ పడ్డాం. గేటు మీద బల్బు పెట్టాక మానేశారు.

ర్యాంపు కూడా అంతే. మా వీధిలో గేట్ల ముందు ర్యాంపులన్నీ మోరీ మీదికి వచ్చేశాయి, కింద పార దూరదు. మా ర్యాంపు ప్రహరీ లోపలే. వాన పడితే మా ముందు నీళ్లు ఆగవు, పక్కింటి ముందు ఆగేవి. పోయినేడు వాళ్లు కూడా ర్యాంపు పగలగొట్టించి లోపలికి జరుపుకున్నారు.

ఎదురింటివాళ్లు ఇప్పుడు ఇల్లు కడుతున్నారు. మొన్న వాళ్లబ్బాయి టేపు పట్టుకొచ్చి అరుగు ఎత్తు కొలుచుకున్నాడు, పద్దెనిమిది అంగుళాలు వచ్చింది. పక్కనే కూర్చున్న అత్తమ్మ, "ఇరవై పెట్టుకోండ్రి బిడ్డా, గింత కిందికుంటె లేవరాదు" అంది.