1965 ముస్టాంగ్ 289 ఇంజన్‌కి నలుపు, గోల్డ్ రంగులు: కొన్నేళ్లు వాడాక నా మాట

ఫోర్డ్ ఇంజన్‌కి పెయింట్ అనగానే నీలం రంగు డబ్బా చేతిలో పెట్టేస్తారు. 1966 మోడల్ నుంచి అయితే అది కరెక్టే, ఆ ఏడాది నుంచి ఫోర్డ్ తన ఇంజన్లన్నిటికీ ఒకే నీలం వేసింది. కానీ 1965 ముస్టాంగ్‌లో మామూలు 289కి (289 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజన్) బ్లాక్, దాని మీద హెడ్స్, గాలి లోపలికి పోయే ఇన్‌టేక్ నలుపు, హెడ్స్ పైన మూతల్లాంటి వాల్వ్ కవర్లూ ఎయిర్ క్లీనరూ గోల్డ్. అదే ఏడాది హై పెర్ఫార్మెన్స్ 289 అయితే బ్లాక్ నలుపే, పైన గోల్డ్ బదులు క్రోమ్. నా కారు మామూలుదే కాబట్టి నలుపూ గోల్డూ వేశాను. కొన్నేళ్లుగా బాగానే తిప్పుతున్నాను, ఎండలో, ట్రాఫిక్‌లో, ఆయిల్ కారుతూ కూడా. నలుపు గురించి ఫిర్యాదు లేదు. గోల్డ్ గురించి మాత్రం చాలా ఉంది.

ముందు మీ ఇంజన్ ఏదో తేల్చుకోండి, రంగు తర్వాత. వీఐఎన్‌లో, అంటే కారు గుర్తింపు నంబర్‌లో, మొదటి అంకె 5 అయితే 1965, 6 అయితే 1966. ఐదో స్థానంలో ఉన్న అక్షరం ఇంజన్ కోడ్. 1965లో సీ అంటే రెండు బ్యారెళ్ల కార్బ్యురేటర్ ఉన్న 289, ఏ అంటే నాలుగు బ్యారెళ్లది, కే అంటే ఆ హై పెర్ఫార్మెన్స్‌ది. అయితే ఇంత పాత కార్లలో చాలా వాటికి ఇంజన్ ఎప్పుడో మారిపోయి ఉంటుంది, అందుకని బ్లాక్ మీద పోతపోసిన తేదీ కోడ్ కూడా చూడాలి. 5సీ12 అని ఉంటే 1965 మార్చి 12 అన్నమాట, ఏ జనవరి, బీ ఫిబ్రవరి, అలా లెక్క. కారు 65, లోపల ఉన్నది 68 నాటి 302 ఇంజన్ అయితే ఏ రంగు వెయ్యాలని అడుగుతారు చాలామంది. ముస్టాంగ్ క్లబ్ ఆఫ్ అమెరికా వాళ్ల జడ్జింగ్‌కి తీసుకెళ్లే ఉద్దేశం లేకపోతే కారు ఏడాదికి తగ్గ రంగే వెయ్యండి. బానెట్ ఎత్తినవాళ్లకి కనిపించేది కారు వయసే, తేదీ కోడ్ చూడడానికి ఎవరూ కింద దూరరు.

పాత రంగు కొంచెమైనా మిగిలి ఉంటుంది, కడిగేసే ముందే వెతకండి. వాటర్ పంప్ వెనక, ఫ్యుయల్ పంప్ కింద, ఇంజన్ మౌంట్ బ్రాకెట్ తీస్తే దాని చాటున. నాకు మౌంట్ వెనకే దొరికింది, నలుపే, కానీ మనం ఊహించుకునేంత మెరుపు నలుపు కాదు. ఫ్యాక్టరీలో ప్రైమర్ లేకుండా ఇనుము మీద ఒక్క పూత వేసి పంపేవాళ్లు, షోలో కనిపించే అద్దం లాంటి మెరుపు ఆ రోజుల్లో లేదు. అందుకే నేను సెమీ గ్లాస్, అంటే సగం మెరుపుది, తీసుకున్నాను. పోత ఇనుము గరుకుతనం మీద ఫుల్ గ్లాస్ వేస్తే ప్రతి గుంటా మెరుస్తుంది, నాకైతే అది చవకగా కనిపిస్తుంది.

నలుపుకి నేను వాడింది వీహెచ్‌టీ ఇంజన్ ఎనామెల్. డబ్బా మీద 288 డిగ్రీల సెల్సియస్ వరకు తట్టుకుంటుందని ఉంటుంది, నీళ్లతో చల్లబడే బ్లాక్ మామూలుగా నూరు డిగ్రీల చుట్టుపక్కలే తిరుగుతుంది కాబట్టి అది చాలా ఎక్కువే. వేడి వల్ల రంగు తేడా వచ్చిందంటే అది హెడ్ మీద ఎగ్జాస్ట్ పోర్టుల దగ్గరే, నాకు అక్కడ కాస్త వెలిసింది, అదీ మ్యానిఫోల్డ్ నీడలో ఉంటుంది కాబట్టి వెతికితేగానీ కనిపించదు. పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ మీద మాత్రం ఈ రంగు వెయ్యకండి, నాలుగు రోజుల్లో పొగ వాసన వేసి ఊడిపోతుంది. ఫోర్డ్ వాటిని ఉత్త ఇనుముగానే వదిలేసింది, మీరూ వదిలేయండి, లేదా 650 డిగ్రీలు తట్టుకునే రంగు వేరే ఉంది, అది వాడండి.

కోటు మీద కోటు వేసే టైమింగ్ దగ్గర తొందర పనికిరాదు. ఈ ఎనామెల్‌కి మళ్లీ పూత గంటలోపు వెయ్యాలి, లేదా 7 రోజులు ఆగాలి. మధ్యలో వేస్తే కింది పూత ముడతలు పడుతుంది. ఇది డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఎవరూ చదవరు. 93 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు కాల్చమని కూడా ఉంటుంది, ఇంజన్ బ్లాక్‌ని ఎవరు ఓవెన్‌లో పెడతారు చెప్పండి, మొదటిసారి స్టార్ట్ చేసి వేడెక్కించడమే ఆ పని చేసేస్తుంది. వాల్వ్ కవర్లు పడతాయి కదా అని వంటింటి ఓవెన్‌లో మాత్రం పెట్టొద్దు.

రంగు ఏదైనా నిలబడేది శుభ్రం చేసిన దాని మీదే. గ్రీజు రిమూవర్, వైర్ బ్రష్, మళ్లీ రిమూవర్, ఆ తర్వాత బ్రేక్ క్లీనర్‌తో చివరి తుడుపు, అప్పటి నుంచి ఒట్టి చేత్తో తాకకూడదు. మా ఇంజన్‌లో రంగు లేచిన చోటు ఒక్కటే, ఇన్‌టేక్ వెనక మూల, డిస్ట్రిబ్యూటర్ చాటున, అక్కడ బ్రష్ సరిగ్గా దూరదు, పాత ఆయిల్ ఇనుము రంధ్రాల్లో నానిపోయి ఉంటుంది, వేడెక్కితే బయటకొస్తుంది.

ఇక గోల్డ్ కథ. మొదట కొన్న బ్రాండ్ పేరు చెప్పను, మూత మీద ఒక గోల్డ్, లోపల ఇంకో గోల్డ్, ఆకుపచ్చ ఛాయలో. అదే పేరుతో ఇంకో కంపెనీది రాగి వైపు పోయింది. 1965 గోల్డ్ అని రాసి అమ్మే డబ్బాలన్నీ ఒకేలా ఉండవు, కాబట్టి అట్టముక్క మీద స్ప్రే చేసి, పగటి వెలుతురులో పాత కవర్ లోపలి అంచు పక్కన పెట్టి పోల్చాకే కొనుక్కోండి, ట్యూబ్‌లైట్ కింద అన్నీ బంగారంలానే కనిపిస్తాయి. మెటాలిక్ కాబట్టి దూరం మారితే మచ్చలు పడతాయి, ఒకే ఊపులో పల్చగా వెయ్యాలి. పైన క్లియర్ కోటు, అంటే రంగు లేని పూత, వేస్తే ఇంకా అందంగా ఉంటుందని చెబుతారు, నేను ఎయిర్ క్లీనర్ మీద వేశాను, వాల్వ్ కవర్ల మీద వెయ్యలేదు. ఇప్పుడు ఎయిర్ క్లీనర్ పసుపు పచ్చగా మారింది, కవర్లు అలాగే ఉన్నాయి. ఎంత జాగ్రత్తపడ్డా కార్బ్యురేటర్ దగ్గర పెట్రోల్ చుక్క పడితే రంగు మెత్తబడుతుంది, వెంటనే తుడిచేస్తే సరే, ఎండనిస్తే మరక పోదు. హార్డెనర్ కలిపే రెండు భాగాల రంగులు పెట్రోల్‌కి బాగా తట్టుకుంటాయి, గన్నూ మంచి మాస్కూ ఉన్నవాళ్లు గోల్డ్ వరకైనా దానికే వెళ్లండి.

వేరే కార్ల వాళ్లకీ ఇదే తలనొప్పి. షెవర్లే ఇంజన్ల ఆరెంజ్ రంగు 1977లో నీలానికి మారింది. క్రైస్లర్‌లో 426 హెమీ ఇంజన్ ఆరెంజ్ వేరు, 340 ఇంజన్‌కి వేసిన ఆరెంజ్ వేరు, మొదటిది కాస్త ఎరుపు వైపు ఉంటుంది. డబ్బా మీద ఆరెంజ్ అని రాసి ఉండడం ఒక్కటే చాలదు.

గోల్డ్ నచ్చింది దొరికితే అదే బ్యాచ్ డబ్బా ఇంకోటి కొని దాచుకోండి, నంబర్ మూత లోపల రాసి పెట్టుకోండి. వాల్వ్ సెట్టింగ్‌కి కవర్ విప్పిన ప్రతిసారీ బోల్టుల చుట్టూ రంగు లేస్తుంది, అప్పుడు మూతలోకి కాస్త స్ప్రే చేసి సన్న బ్రష్‌తో అద్దితే సరిపోతుంది.